గ్రామారోగ్యము – జామ్‌ఖేడ్ నేర్పిన పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా, ఆ గ్రామము ఇరువదియైదేండ్లు ఒక మంచి అలవాటును విడువక కాపాడుకొన్నదని యర్థము. బీరువాలలో ఎన్ని పుస్తకములున్నవి యను లెక్క కంటె, అవి ఎన్ని చేతులు మారినవి యను లెక్కయే గ్రంథాలయమునకు గౌరవము. ఈ మాట వైద్యశాలకును వర్తించును. ఎన్ని మంచములు, ఎన్ని మందుసీసాలు అను లెక్క కంటె, అచ్చటి జ్ఞానము ఊరిలో ఎన్ని గడపలు దాటి లోనికి పోయినది యను లెక్క ముఖ్యము. వైద్యులు పోవుటకు ఇష్టపడని వెనుకబడిన సీమలో ధర్మవైద్యశాలను నడుపుట యెట్లు అనునది నేటి విషయము. దీనికి దృష్టాంతముగా మహారాష్ట్రమున జామ్‌ఖేడ్ అను చోట జరిగిన కార్యమును, దానికి పూరకముగా తెలంగాణమునకు పొరుగున గల గడ్చిరోలిలో జరిగిన కార్యమును సంగ్రహముగా వివరింపబడును.

వచ్చిన రోగియే మరల వచ్చుట

1960వ దశకమున అహమద్‌నగరు జిల్లాలోని వడాలా గ్రామమందలి మిషను ఆసుపత్రిలో రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అను వైద్య దంపతులు పని చేయుచుండిరి. (ఆ జిల్లాకు 2024లో అహిల్యానగర్ అని పేరు మారినది.) ఇరువురును చిత్తూరు జిల్లాకు పొరుగున నున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు. పట్టణమున వైద్యము పెట్టుకొని సుఖముగా నుండదగిన విద్య గలిగియు, పల్లెలందలి పేదల నడుమనే జీవితము గడుపవలెనని వివాహకాలముననే నిశ్చయించుకొన్నవారు.

వడాలాలో వారి హస్తవాసి మంచిదని పేరు వచ్చెను. రోగులు దూరగ్రామములనుండి బండ్లు కట్టుకొని వచ్చుచుండిరి. కాని వైద్యుల మనస్సునకు ఒక సంగతి ముల్లువలె గుచ్చుకొనుచుండెను. విరేచనములతో సొమ్మసిల్లిన పసిబిడ్డను తల్లి భుజముపై వేసికొని పరుగున వచ్చును. వైద్యులు రాత్రియంతయు కాచుకొని బ్రతికింతురు. తల్లి చేతులు జోడించి వెడలిపోవును. కొన్ని నెలలు గడచునో లేదో, అదే బిడ్డ, అదే జబ్బు. ఏలయన, ఆ బిడ్డ తిరిగి వెళ్లినది అదే చెరువునీటికి, అదే గంజికి, అదే గుడిసెకు. ఆసుపత్రికి వచ్చు జబ్బులలో అధికభాగము ఊరిలోనే అడ్డగింపదగినవి. ఊరిలో అడ్డగించువారు లేరు. ఆసుపత్రికి రాగలవారు మాత్రము వచ్చుచున్నారు. రాలేనివారు ఇంటనే కన్నుమూయుచున్నారు.

ఈ చిక్కును విప్పుటకు ఆ దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు పోయి ప్రజారోగ్య శాస్త్రము నభ్యసించిరి. 1970లో తిరిగి వచ్చి, అదే జిల్లాలో మరింత వెనుకబడిన జామ్‌ఖేడ్ తాలూకాను ఎన్నుకొనిరి. వానలు నమ్మరాని మెట్టసీమ యది. పంట చేతికి రాని యేట కుటుంబములు చెరకు నరకు కూలికి బిడ్డలతో వలసపోవును. ఆ దంపతులు తమంత తాముగా వచ్చి గుడారము వేసికొన్నవారు కారు. ఊరి పెద్దలు కోరి రమ్మనిరి. వాడుకలో లేని పశువైద్యశాల భవనమును చూపిరి. అచ్చటనే వైద్యశాల ఆరంభమైనది. పశువుల కొట్టములో మనుష్యుల వైద్యమా యని నవ్వినవారు లేకపోలేదు. కాని భవనము గొప్పదైనంత మాత్రమున వైద్యము గొప్పది కానేరదు.

ధర్మమును, లెక్కయును

ధర్మవైద్యశాల యనగానే జనులకు రెండు తలంపులు కలుగును: అన్నియు ఉచితముగా ఇయ్యవలెనని యొకటి, దాత యెవడో దొరికినంతకాలము నడచునని యొకటి. రెండును ప్రమాదకరములే. దాత మనస్సు మారిన నాడు తలుపులు మూతపడును. అన్నియు ఉచితమైనచోట, ఇయ్యగలవాడును చేయి చాచును; ఇయ్యలేనివాడు తాను బిచ్చగాడనని తలవంచుకొనును.

జామ్‌ఖేడ్ వైద్యశాల అనుసరించిన మార్గము వేరు. అచ్చటికి వచ్చు రోగులు తమ స్తోమతకు తగిన కొద్దిపాటి రుసుము చెల్లింతురు. ఏమియు లేనివారిని వెనుకకు పంపరు. ఖర్చు తగ్గించుటకు అనవసరపు ఆడంబరము లేదు. రోగి వెంట బంధువు ఉండి ఉపచారము చేయవచ్చును. చికిత్సవలన వచ్చు ఆదాయము ఊళ్లలో జబ్బు రాకుండ చేయు పనికిని తోడ్పడును. బయటినుండి వచ్చు విరాళములు ఉండకపోలేదు. కాని ఊపిరి వానిమీదనే ఆధారపడి యుండరాదనునది వారి పట్టుదల.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. ఆసుపత్రికి ఆదాయము రోగులవలన వచ్చును. రోగులు తగ్గినకొలది ఆదాయము తగ్గును. జబ్బులు తగ్గించుటయే తన పనిగా పెట్టుకొన్న వైద్యశాల తన కొమ్మను తానే నరుకుకొనుచున్నదా యని ఎవరైన అడుగవచ్చును. ఆ దంపతుల కార్యమే దీనికి సమాధానము. కొమ్మను నరుకుకొనుట కాదు. వేరును ఊరిలో నాటుట. ఆ వేరు ఎట్లు నాటిరో ఇక వినదగినది.

చదువు రాని వైద్యులు

తొలుత ఆ దంపతులు అందరు పెద్దలు చేయునట్టి ఏర్పాటే చేసిరి. శిక్షణ పొందిన నర్సులను పల్లెలకు పంపిరి. ఆ యేర్పాటు నిలువలేదు. పరాయి యూరినుండి వచ్చిన చదువుకొన్న పడుచుపిల్ల ఒంటరిగా పల్లెలో కాపురముండుట కష్టము. ఉన్నను, తల్లులు ఆమె మాటను పెడచెవిని పెట్టుదురు. పెండ్లి కాని పిల్లకు పురుటి సంగతి యేమి తెలియునని అత్తలు పెదవి విరుతురు. నేర్చిన విద్య తప్పు కాదు. దానిని మోయు మనిషి ఊరి మనిషి కాకపోవుటయే లోపము.

అప్పుడు ఊరి స్త్రీలనే తీసికొని నేర్పుట మొదలుపెట్టిరి. ఎవరిని పంపవలెనో గ్రామమే నిర్ణయించును. ఎన్నికైనవారిలో అనేకులు నడివయస్సు స్త్రీలు, పలువురు దళితులు, పెక్కుమందికి అక్షరము రాదు. కొందరు భర్త విడిచినవారు, కొందరు బిడ్డలను పోగొట్టుకొన్నవారు. పేరు పెట్టి పిలువబడుట కూడ ఎరుగక, ఫలానావాని పెండ్లామని మాత్రమే పిలువబడినవారు. వారికి వైద్యవిద్య నేర్పుదురని వినిన పండితులు విడ్డూరముగా చూచిరి.

శిక్షణ ఏడాదిపాటు మూసిన గదిలో జరుపబడలేదు. ఆ స్త్రీలు వారము వారమును జామ్‌ఖేడ్‌కు వచ్చి, నేర్చుకొని, ఊరికి పోయి చేసి చూచి, మరుసటి వారము తమ సందేహములతో తిరిగి వచ్చుదురు. ఒక వారము విరేచనములు, ఒక వారము దగ్గు, ఒక వారము గర్భిణి. బొమ్మలతో, పాటలతో, ఒకరు చెప్పినది మరియొకరు తిరిగి చెప్పుటతో పాఠము సాగును. రాత్రి అందరును ఒక్కచోటనే తిందురు, ఒక్కచోటనే పరుందురు. మొదట మాలమాదిగలతో కలిసి తినుటకు సంకోచించిన స్త్రీలు, పెద్ద దుప్పటి ఒకటే కప్పుకొని పండుకొనునంతటి చనువు పొందిరి. ఆ దుప్పటి క్రింద పోయినది చలి మాత్రమే కాదు.

వారు నేర్చిన విద్యలో మాయ యేమియు లేదు. పురుటి సమయమున బొడ్డును తుప్పు పట్టిన కొడవలితో కోసి, పేడ రాచుటవలన పసికందుకు ధనుర్వాతము వచ్చును. క్రొత్త బ్లేడు, ఉడికించిన దారము, సబ్బుతో కడిగిన చేతులు ఉన్న చాలును. గర్భిణికి టీకా వేయించినచో ఆ భయము మరింత తొలగును. విరేచనములకు గొప్ప మందు తల్లి చేతిలోనే యున్నది. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలిపి, గుక్కగుక్కగా త్రాగించుచుండిన బిడ్డ ఒంటిలో నీరు ఆరిపోదు. చనుబాలు ఆపరాదు, బిడ్డకు కడుపు మాడ్చరాదు. బిడ్డ కన్నులు గుంటలు పడి, త్రాగలేక మగతగా నున్నచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఇంతియే. ఈ మాత్రము తెలియకపోవుటచేత లక్షలాది పసిబిడ్డలు మన్నుపాలైరి.

ఊరి స్త్రీ చెప్పిన మాట ఊరికి నచ్చుటకు కూడ కాలము పట్టెను. నిన్నటివరకు కూలికి వచ్చిన మనిషి నేడు నాకు బుద్ధి చెప్పునా యని భూస్వామి కోడలు మొగము త్రిప్పుకొనును. కాని నడిరాత్రి పురిటినొప్పులు వచ్చినప్పుడు ఎవరు తలుపు తట్టిన లేచి వచ్చునో ఆ మనిషి మాటయే చివరకు నెగ్గును. ఆమె చేతిలో నిలిచిన బిడ్డలే ఆమెకు యోగ్యతాపత్రములు.

నీరు, కూడు, కులము

మందుసంచి పట్టుకొని ఊళ్లకు పోయిన ఆ దంపతులను జనులు అడిగినది మందు కాదు, నీరు, కూడు. 1972 ప్రాంతమున మహారాష్ట్రమును ఘోరమైన కరవు పట్టినది. త్రాగు నీరు లేనిచోట చేతులు కడుగుకొమ్మని చెప్పుట యెట్లు? వైద్యశాల పక్షమున గొట్టపుబావులు త్రవ్వించి చేతిపంపులు పెట్టించిరి. పసిపిల్లలకు, గర్భిణులకు ఊరుమ్మడి వంటశాలలు నడిపించిరి. రైతులు సంఘములుగా ఏర్పడి గట్లు వేయుట, చెట్లు నాటుట, ధాన్యము పోగుచేయుట మొదలైన పనులు పూనుకొనిరి. ఆ సంఘములు పుట్టుటకు వాలీబాలు ఆటయు ఒక కారణమనిన ఆశ్చర్యము కలుగవచ్చును. సాయంకాలము ఆటకు చేరిన యువకులు కులము మరచి బంతిని అందుకొనిరి. ఆట ముగిసిన తరువాత ఊరి సంగతులు మాటలాడుకొనిరి. పిదప స్త్రీలును తమ మండలులను ఏర్పరచుకొనిరి.

చేతిపంపులను ఎచ్చట పెట్టవలెనను ప్రశ్న వచ్చినప్పుడు ఒక వివేకమైన పని జరిగినది. వానిలో పెక్కింటిని దళితవాడలలో పెట్టించిరి. నీటికొరకు ఊరివారే వాడకు పోవలసి వచ్చెను. అంటు అన్న మాట దాహము ముందర ఎంతకాలము నిలుచును? ఉపన్యాసములు వందయేండ్లు చేసినను కానిది, ఒక చేతిపంపు కొన్ని వేసవులలో చేసినది. ఆరోగ్యమునకును అంటరానితనమునకును ఏమి సంబంధమని అడుగువారికి ఇదియే జవాబు. ఎవని బిడ్డ మురికినీరు త్రాగుచున్నదో, వాని బిడ్డ జబ్బు ఊరంతటి జబ్బు. కుష్ఠురోగులను కూడ దూరముగా పాకలలో పెట్టక తక్కినవారితోపాటే చూచి చికిత్స చేయుటయు ఈ భావముచేతనే.

ఫలితమును, కొరతయును

1971లో ఆ గ్రామములలో పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో 176 మంది ఏడాది నిండకమునుపే మరణించుచుండిరని వైద్యశాల లెక్కలు చెప్పుచున్నవి. 1990వ దశకము నడుమకు ఆ సంఖ్య 30 లోపునకు దిగినది. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రజలే నడుపుకొను ఆరోగ్య కార్యక్రమములను గూర్చి ప్రకటించిన గ్రంథమున జామ్‌ఖేడ్ వృత్తాంతము చేర్చబడినది. 1978లో ఆల్మా ఆటా నగరమున కూడిన దేశములు అందరికిని ప్రాథమిక ఆరోగ్య సేవ అందవలెనని ప్రకటించినప్పుడు, ఇట్టి ప్రయోగములు వారి కన్నుల యెదుట నుండెను. 1979లో ఆరోలే దంపతులకు రామన్ మెగసెసే బహుమానము లభించినది. మేబెల్ 1999లోను, రజనీకాంత్ 2011లోను కీర్తిశేషులైరి. కార్యము ఆగలేదు.

మెచ్చుకోలుతో పాటు కొరతయు చెప్పినప్పుడే వృత్తాంతము సత్యమగును. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటింపబడిన ఒక పరిశోధన, జామ్‌ఖేడ్ గ్రామములను చుట్టుపట్ల గ్రామములతో పోల్చి చూచినది. మొదటి నెల గడచిన పిల్లలలో మరణభయము జామ్‌ఖేడ్ గ్రామములలో సుమారు 30 శాతము తక్కువ. కాని పుట్టిన మొదటి నెలలోపలి మరణములలో అంతటి భేదము కనబడలేదు. విరేచనములను, కోరింతదగ్గును, ఆకలిని గెలిచినను, పురిటింటి చీకటి కొంత మిగిలియే యున్నది. ఆ చీకటిలోనికి దీపము పట్టుకొని పోయినవారి కథ గడ్చిరోలిది.

గోదావరి కావలి గట్టు

గడ్చిరోలి 1982లో చంద్రపూరు జిల్లానుండి విడదీయబడి ఏర్పడినది. అడవులు దట్టములు; గోండులు, మాడియాలు నివాసులు. ప్రాణహిత, గోదావరి నదులు ఆ జిల్లాను తెలంగాణమునుండి వేరుచేయుచున్నవి. కాళేశ్వరమునకు ఎదుటి గట్టున నున్న సిరోంచ తాలూకాలో తెలుగు మాట నేటికిని వినబడును. 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్య దంపతులు ఆ జిల్లాలో ‘సెర్చ్’ అను సంస్థను నెలకొల్పిరి. వారును జాన్స్ హాప్కిన్స్‌లోనే ప్రజారోగ్యము చదివినవారు.

మొదట వారు చేసినది అడుగుట. ఆసుపత్రికి ఏల రారని అడవి ప్రజలను అడిగిరి. పెద్ద భవనములు, తెల్లని దుస్తులు, తమ భాష తెలియని మాటలు తమకు భయము కలిగించునని వారు చెప్పిరి. కావున ఆసుపత్రిని గోండు పల్లెవలె పాకల పొందికతో కట్టి, వారు కొలుచు దంతేశ్వరీ మాత పేరు పెట్టిరి. దేవత యింటికి వచ్చుటకు భయమేల? రాణీ బంగ్ రెండు గ్రామములలో 650 మంది స్త్రీలను పరీక్షించి, వారిలో నూటికి 92 మందికి స్త్రీరోగములున్నవని 1989లో లోకమునకు వెల్లడించినది. అంతకుమునుపు వైద్యపరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మంది మాత్రమే. పురుషులకు చెప్పుకొనలేని బాధను స్త్రీలు ఏండ్ల తరబడి కడుపులో దాచుకొనిరి. జబ్బు లేదనుకొన్నచోట వినువారు లేరనుట సత్యము.

పసిపిల్లలను చంపుచున్న న్యుమోనియాను గుర్తించుటకు ఊపిరిని లెక్కింపవలెను. రెండు నెలల లోపు బిడ్డ నిమిషమునకు 60 సార్లు, ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, అంతకు పై బిడ్డ 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీసికొనుచున్నచో ప్రమాదము. కాని మంత్రసానులకు అంతవరకు లెక్క రాదు. వారికొరకు పూసలు జరిపి లెక్కించు సాధనము, నిమిషము చూపు ఇసుక గడియారము కూర్చబడినవి. అక్షరము రానంత మాత్రమున బుద్ధి లేదని తలచుట చదువుకొన్నవారి అవివేకము.

ఆ మీద వారు పురిటింటికే ఆరోగ్యకార్యకర్తను పంపిరి. పుట్టిన బిడ్డను వెచ్చగా చుట్టుట, గంటలోపల చనుబాలు పట్టించుట, తూకము వేయుట, ఊపిరి ఆడనిచో ఊపిరి అందించుట, ఒళ్లు చల్లబడినను పాలు మానినను వెంటనే గుర్తించుట, అవసరమైనచో సూదిమందు వేయుట ఆమె పని. 39 గ్రామములలో ఈ ప్రయత్నము జరిగినది. 47 గ్రామములు పోలికకొరకు చూడబడినవి. ప్రయత్నము జరిగిన గ్రామములలో మొదటి నెలలోపలి మరణములు వేయింటికి 62 ఉండగా, మూడవ యేటికి 26కు లోపుగా తగ్గినవి. ఈ ఫలితము 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడినది. జామ్‌ఖేడ్‌లో మిగిలిన చీకటి కూడ తొలగరానిది కాదని గడ్చిరోలి చూపినది.

ఆశా కార్యకర్త

2005లో కేంద్ర ప్రభుత్వము జాతీయ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించి, ప్రతి ఊరిలో ఆశా కార్యకర్తను నియమింప పూనినది. 2011లో పురిటింటికి పోయి శిశువును చూచు పద్ధతిని దేశమంతట ప్రవేశపెట్టినది. నేడు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఊరి వీథులలో సంచి పట్టుకొని తిరుగు ఆశా కార్యకర్త, జామ్‌ఖేడ్ స్త్రీలకును గడ్చిరోలి స్త్రీలకును చెల్లెలు వంటిది.

అయినను పెద్ద ఏర్పాటునకు ఒక ప్రమాదము గలదు. జామ్‌ఖేడ్‌లో ఆ స్త్రీ ముందుగా ఊరికి జవాబుదారి. పెద్ద ఏర్పాటులో ఆమె ముందుగా కాగితమునకు జవాబుదారి యగును. కాగితము నింపుటలో రోజు గడచినచో, పురిటింటి గడప వద్ద నిలుచుటకు తీరిక మిగులదు. ఆమెను తిరిగి ఊరి మనిషిని చేయవలసిన భారము ఊరిదే. ఆమె వచ్చినప్పుడు పీట వేసి కూర్చుండబెట్టి ఆమె మాట వినుట, ఆమె చెప్పినది అత్తయు కోడలును కలిసి వినుట, రావలసిన మందులు రానప్పుడు ఊరంతయు కలిసి అడుగుట ఎవరో వచ్చి చేయు పనులు కావు.

గ్రంథాలయమునకేమి సంబంధము?

వైద్యశాల కథ గ్రంథాలయ రజతోత్సవమున ఏలయని కొందరికి తోచవచ్చును. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించిరి. పాఠకుడు పుస్తకమునొద్దకు రానిచో, పుస్తకమే పాఠకునొద్దకు పోవలెనని వారి తలంపు. జామ్‌ఖేడ్ వైద్యులు చేసినదియు అదియే. రోగి వైద్యునొద్దకు రాలేనిచో, వైద్యుని జ్ఞానమే ఇంటికి పోవలెను. రెండు కార్యములకును ఆత్మ యొకటే: ఏ జ్ఞానమును తాళము వేసి దాచరాదు.

అక్షరమునకు గల బలము తెలుగువారికి క్రొత్త కాదు. 1990వ దశకారంభమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కేంద్రములకు వచ్చిన దూబగుంట స్త్రీలు పాఠము చదివి, సంసారములను కూల్చుచున్న సారాపై తిరుగబడిరి. ఆ నిప్పు 1992లో జిల్లాయంతట వ్యాపించి, 1993లో రాష్ట్రమున సారా నిషేధమునకు దారితీసినది. అదే 1993లో గడ్చిరోలి జిల్లాలోను ప్రజాందోళనము ఫలించి మద్యనిషేధము వచ్చినది. చదువును ఆరోగ్యమును వేర్వేరు గదులలో పెట్టుట కాగితములపై సాధ్యము. సంసారములో సాధ్యము కాదు.

కావున గ్రామ గ్రంథాలయము చేయదగిన పనులు కొన్ని గలవు. నెలకొక సాయంకాలము స్త్రీలకొరకు ప్రత్యేకముగా తెరచి, ఆశా కార్యకర్తను పిలిచి ఒక విషయము చెప్పించవచ్చును. చదువు రాని తల్లులకు చదువు వచ్చిన పిల్లలు ఆరోగ్య పుస్తకములను పైకి చదివి వినిపింపవచ్చును. ఉప్పుపంచదార నీటి కొలతను, టీకాల తేదీలను, ప్రమాద చిహ్నములను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు తగిలింపవచ్చును. నడిరాత్రి గర్భిణిని ఆసుపత్రికి చేర్చు వాహనము ఎవరి యింట ఉన్నదో, ఎవరు నడుపుదురో ముందుగానే నిర్ణయించి వ్రాసి పెట్టవచ్చును. వీనికి ధనము పెద్దగా అక్కరలేదు, పూనిక కావలెను. ఊరిలో పుట్టిన బిడ్డల సంఖ్యను, ఏడాది నిండకుండ పోయిన బిడ్డల సంఖ్యను ఏటేట వార్షిక సభలో చదివి వినిపించిన గ్రంథాలయము ఏదైన నున్నచో, అది తన సభ్యుల జాబితాకంటె విలువైన జాబితాను ఊరికిచ్చినదగును. లెక్కకు రాని మరణము ఎవరికిని బాధ్యత కాదు. లెక్కకు వచ్చినది అందరి బాధ్యత.

కడపటి మాట

జామ్‌ఖేడ్ గ్రామములనుండి ముక్తాబాయి పోళ్ అను ఆరోగ్యకార్యకర్త 1988లో అమెరికాలోని వాషింగ్టను నగరమునకు ఆహూతయై పోయినది. పెద్ద వైద్యులు, అధికారులు నిండిన సభ యది. సభామందిరపు కప్పునుండి గాజు దీపగుచ్ఛములు వ్రేలాడుచు వెలుగులు చిమ్ముచుండెను. వైద్యులు ఆ దీపగుచ్ఛముల వంటివారనియు, అవి అందమైనవే కాని ఖరీదైనవి, అందరికిని అందనివి యనియు ఆమె చెప్పినది. తాను పల్లెలోని చిన్న దీపము వంటిదాననియు, వెల స్వల్పమైనను ఒక దీపమునుండి మరియొక దీపమును వెలిగింపవచ్చుననియు, దీపగుచ్ఛము ఆ పని చేయజాలదనియు ఆమె భావము. సభికులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరట.

సభాసదులారా! ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున వెలిగినది అట్టి చిన్న దీపమే. ఇచ్చట చదివిన ఒక పుటనుండి ఒక తల్లి ఒక కొలత నేర్చి, ఒక బిడ్డ బ్రతికినచో, ఈ యుత్సవమునకు అంతకు మించిన వెండితొడుగు అక్కరలేదు. రానున్న ఇరువదియైదేండ్లలో ఈ దీపమునుండి ప్రతి యింట ఒక్కొక్క దీపము వెలుగుగాక!

స్వస్తి.